ఎలుక పాదం వాపు పరీక్షలో మందు ప్రభావాన్ని ఎలా లెక్కించాలి?

ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం చదువుతున్న మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను. ఒక మొక్క ఆకుల సారానికి వాపు తగ్గించే గుణం ఉందో లేదో చూడటానికి విస్టార్ జాతి ఎలుకల మీద క్యారాజీనన్ పరీక్ష (క్యారాజీనన్ అనే పదార్థాన్ని పాదంలోకి ఎక్కించి వాపు తెప్పించి, మందు దాన్ని ఎంత తగ్గిస్తుందో కొలిచే పరీక్ష) చేశారు. గుంపుకు ఆరు చొప్పున నాలుగు గుంపులు పెట్టుకుని, వరుసగా వెహికల్ (మందు లేని ద్రవం, ఇదే కంట్రోల్ గుంపు), ప్రామాణిక మందు (స్టాండర్డ్) డైక్లోఫెనాక్ 10 మి.గ్రా./కిలో, సారం 200 మి.గ్రా./కిలో, సారం 400 మి.గ్రా./కిలో నోటి ద్వారా ఇచ్చారు. మూడో గంటకు డైక్లోఫెనాక్ వాపును 61 శాతం, సారం పెద్ద డోసు 40 శాతం, చిన్న డోసు 34 శాతం తగ్గించాయి. రెండు గుంపుల సగటులను పోల్చే టి పరీక్షలో 400 డోసుకు నక్షత్రం గుర్తు వచ్చింది, అంటే పి విలువ (నిజంగా తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా కనబడే అవకాశం) 0.05 కంటే తక్కువ వచ్చింది; 200 డోసుకు రాలేదు. కాబట్టి "సారం 400 వద్ద పనిచేస్తుంది, 200 వద్ద పనిచేయదు" అని థీసిస్‌లో రాయవచ్చా అన్నది మీ ప్రశ్న.

అలా రాయకూడదు. మీరు పంపిన పట్టికలోని అంకెలతోనే ఎందుకు రాయకూడదో చూపిస్తాను.

శాతం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. మీ కంట్రోల్ గుంపులో పాదం ఘనపరిమాణం సగటున 0.80 మి.లీ. నుంచి మూడో గంటకు 1.60 మి.లీ.కి పెరిగింది, అంటే వాపు 0.80 మి.లీ. 400 డోసు గుంపులో 0.82 నుంచి 1.30కి పెరిగింది, అంటే వాపు 0.48 మి.లీ. వాపును వాపుతో పోల్చారు కాబట్టి 40 శాతం తగ్గుదల అన్న మీ లెక్క సరైనదే. ఇదే చోట కొందరు మూడో గంట మొత్తం ఘనపరిమాణాలను, అంటే 1.30ని 1.60తో, నేరుగా పోల్చి సుమారు 19 శాతం అంటారు. మరికొందరు ప్రతి ఎలుకకూ దాని మొదటి కొలత మీద ఎంత శాతం పెరిగిందో చూసి, ఆ శాతాలను పోల్చి సుమారు 41 అంటారు. ఒకే ప్రయోగం నుంచి మూడు జవాబులు వస్తున్నాయి కాబట్టి ఏ సూత్రం వాడారో పద్ధతుల అధ్యాయంలో ఒక వాక్యంలో స్పష్టంగా రాయండి. అది రాయని పత్రంలోని శాతాన్ని మీ శాతంతో పోల్చవద్దు.

అసలు చిక్కు దీని తర్వాత మొదలవుతుంది. 40 శాతం అన్నది రెండు సగటుల నుంచి పుట్టిన ఒక్క అంకె, దాని వెనుక పన్నెండు ఎలుకలున్నాయి. ఆ రెండు గుంపుల్లోనూ వాపు స్టాండర్డ్ డీవియేషన్ (ఎలుకల మధ్య చెదురు) 0.18 మి.లీ. అని మీ పట్టికలో ఉంది. సగటుల తేడా 0.32 మి.లీ., ఆ తేడాకు స్టాండర్డ్ ఎర్రర్ (ఆ అంచనాలోని అనిశ్చితి) 0.104. పది డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు (పన్నెండు ఎలుకల్లోంచి రెండు సగటులు తీసేస్తే మిగిలేది) టి విలువ 2.228 కాబట్టి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఉండగల హద్దులు) 0.09 నుంచి 0.55 మి.లీ. వరకు వస్తుంది. దీన్ని కంట్రోల్ వాపు 0.80తో భాగించి శాతంగా మారిస్తే సుమారు 11 నుంచి 69. మీ సారం వాపును అంతంతమాత్రంగా తగ్గిస్తున్నా, డైక్లోఫెనాక్‌తో సమానంగా తగ్గిస్తున్నా ఈ ఆరు ఎలుకల సగటు ఇలాగే వచ్చి ఉండవచ్చు. ప్రభావం ఉన్నట్టు మీ ప్రయోగం చూపింది, అది ఎంత అన్నది మాత్రం చాలా వెడల్పైన హద్దుల మధ్యే చెప్పగలిగింది. థీసిస్‌లో 40 అన్న అంకె పక్కన ఈ హద్దులు తప్పనిసరిగా ఉండాలి.

ఇప్పుడు 200 డోసు సంగతి. అక్కడ సగటు వాపు 0.53 మి.లీ., స్టాండర్డ్ డీవియేషన్ 0.26. ఒక ఎలుకకు పాదం బాగా వాచడంతో ఆ గుంపులో చెదురు పెరిగింది, అందుకే పి విలువ 0.05 గీతకు కొద్దిగా పైన ఆగింది. "400 పనిచేసింది, 200 పనిచేయలేదు" అనాలంటే ఆ రెండు డోసులనూ ఒకదానితో ఒకటి పోల్చి చూపాలి. వాటి మధ్య తేడా 0.05 మి.లీ., దాని స్టాండర్డ్ ఎర్రర్ 0.13. తేడా తన ఎర్రర్‌లో సగం కూడా లేదు. ఒకదానికి నక్షత్రం వచ్చి మరొకదానికి రాకపోవడం ఆ రెండింటి మధ్య తేడా ఉన్నట్టు సాక్ష్యం కాదు. జంతు ప్రయోగాల థీసిస్‌లలో నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. బాగా వాచిన ఆ ఎలుకను లెక్క నుంచి తీసేయాలన్న ఆలోచన కూడా వస్తుంది. ఇంజెక్షన్ సరిగ్గా పడలేదనో, ఎలుకకు జబ్బు చేసిందనో ఆ రోజే నోట్‌బుక్‌లో రాసి ఉంటే తప్ప దాన్ని తీసేయడానికి వీల్లేదు.

డోసుకూ ప్రభావానికీ ఉన్న సంబంధాన్ని రెండు డోసులతో నిరూపించలేరు. రెండు బిందువుల గుండా గీత ఎలాగైనా వెళుతుంది. కనీసం మూడు, వీలైతే నాలుగు డోసులను సమాన రెట్లలో, ఉదాహరణకు 50, 150, 450 అని పెట్టుకుని, లాగరిథమ్ స్కేలు మీద వాలు ఉందో లేదో ఒకే పరీక్షతో చూడాలి. మీ 34, 40 శాతాలు ప్రభావం ఇక పెరగని పైమెట్టు దగ్గర పడిన రెండు బిందువులు కూడా కావచ్చు. అలాంటప్పుడు డోసు ఇంకా పెంచడం కంటే 50, 100 లాంటి చిన్న డోసులు చూడటమే మేలు.

ఎన్ని పోలికలు చేశారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. మూడు మందు గుంపులను ఒకటి నుంచి ఐదు గంటల వరకు ప్రతి గంటకూ కంట్రోల్‌తో విడివిడిగా టి పరీక్షలో పోల్చారు, అంటే పదిహేను పరీక్షలు. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, ఏ మందూ ఏమీ చేయకపోయినా ఎక్కడో ఒకచోట నక్షత్రం వచ్చే అవకాశం 54 శాతం. ఒకే ఎలుక పాదాన్ని ఐదుసార్లు కొలిచారు కాబట్టి అవి నిజంగా విడివిడి కొలతలూ కావు, ఆ శాతం కొంత తక్కువే ఉంటుంది, కానీ పొరపాటు స్వభావం అదే. దీనికి మార్గం ఉంది. ప్రయోగానికి ముందే ఒక్క ప్రధాన కొలతను ఎంచుకోండి. వాపు ప్రయోగాలకు సున్నా నుంచి ఐదు గంటల వరకు గీసిన రేఖ కింది వైశాల్యం నాకు బాగా నచ్చిన కొలత, ఎందుకంటే ఒక్కో ఎలుక నుంచి ఒక్కటే అంకె వస్తుంది, ఒక గంటలో జరిగిన కొలత పొరపాటు దానిలో కొంత సర్దుకుపోతుంది. ఆ అంకెల మీద వన్‌వే అనోవా (అన్ని గుంపుల సగటులను ఒకేసారి పోల్చే పరీక్ష) చేసి, తర్వాత అన్ని గుంపులనూ కంట్రోల్‌తో మాత్రమే పోల్చడానికి డన్నెట్ 1955లో ఇచ్చిన పద్ధతి వాడండి. కాలక్రమం కూడా చూపాలనుకుంటే ఎలుకను యాదృచ్ఛిక అంశంగా తీసుకునే మిక్స్‌డ్ మోడల్ ఉంది. దాన్ని చేయడం తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

గుంపుకు ఆరు అన్నది మన కాలేజీల్లో ఆనవాయితీగా నడుస్తోంది. ఆరు ఎందుకని జంతు నైతిక సంఘం అడిగితే చెప్పడానికి కారణం ఉండాలి. సులువైన సూత్రం ఒకటుంది. స్టాండర్డ్ డీవియేషన్ వర్గాన్ని, మీరు పట్టుకోదలచిన తేడా వర్గంతో భాగించి, 16తో గుణిస్తే, 80 శాతం పవర్‌కు (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) గుంపుకు కావలసిన జంతువుల సంఖ్య దాదాపుగా వస్తుంది. మీ 0.18 డీవియేషన్‌తో 40 శాతం తగ్గుదల, అంటే 0.32 మి.లీ. తేడా పట్టుకోవడానికి ఐదారు ఎలుకలు సరిపోతాయి. 30 శాతం పట్టుకోవాలంటే తొమ్మిది కావాలి. 20 శాతం పట్టుకోవాలంటే ఇరవై ఒకటి కావాలి. మొక్కల సారాలు చాలావరకు 20, 30 శాతాల దగ్గరే ఉంటాయి, కాబట్టి ఆరు ఎలుకలతో చేసిన పరీక్షలో "ప్రభావం లేదు" అని తేలితే దానికి పెద్దగా విలువ లేదు. ఎలుకల సంఖ్య తగ్గించాలన్న రసెల్, బర్చ్‌ల సూత్రాన్ని 1959 నుంచి అందరూ ఉదహరిస్తున్నారు, అది గౌరవించదగినదే. అయితే ఏమీ తేల్చలేని ప్రయోగానికి బలైన ఇరవై నాలుగు ఎలుకలు, తేల్చగలిగిన ప్రయోగానికి బలైన ముప్పై ఆరింటి కంటే ఎక్కువ వ్యర్థమని నా అభిప్రాయం.

గుంపు పెంచకుండానే చెదురు తగ్గించడం ఇంకో దారి. అది పాదం ఘనపరిమాణం కొలిచే ప్లెథిస్మోమీటర్ దగ్గర మొదలవుతుంది. చీలమండ దగ్గర చెరగని సిరాతో గీత గీసి, ప్రతిసారీ ఆ గీత వరకే పాదాన్ని నీటిలో ముంచాలి. ఒక మిల్లీమీటరు అటూఇటూ అయితే మీరు వెతుకుతున్న 0.05 మి.లీ. తేడా అక్కడే మాయమవుతుంది. మునుపటి ఎలుక పాదంతో పోయిన నీటిని మళ్లీ నింపి మట్టం సరిచూడాలి. ఒక్కో పాదానికి మూడు కొలతలు తీసి సగటు రాయాలి, ఆ మూడింటినీ మూడు ఎలుకల్లా లెక్కలో వేయకూడదు. అలాగే రెండు పాదాలు కొలిచినా ఎలుక ఒక్కటే. క్యారాజీనన్ ఒక శాతం సస్పెన్షన్‌ను సెలైన్‌లో ముందుగానే తయారుచేసి బాగా ఉబ్బనివ్వాలి, 0.1 మి.లీ. సిరంజిలోకి తీసే ప్రతిసారీ కదిలించాలి. అరికాలి చర్మం కింద సూదిని కాస్త ముందుకు పోనిచ్చి ఇంజెక్షన్ చేసి, కొన్ని సెకన్లు ఆగి తీయకపోతే ద్రవం రంధ్రం గుండా కారిపోతుంది. కారిన ఎలుకకు వాపు తక్కువగా వస్తుంది, అది మందు గుంపులో ఉంటే మందు బాగా పనిచేసినట్టు కనిపిస్తుంది. ఎక్కడ కారిందో అప్పటికప్పుడే రాసుకోండి.

మీ ప్రశ్నలో లేకపోయినా, గుంపులు ఎలా విడదీశారో, కొలిచినవారికి ఏ ఎలుక ఏ గుంపుదో తెలుసో లేదో అని తప్పక అడగాలి. బోనులో చేయిపెట్టి దొరికిన వరుసలో మొదటి ఆరింటిని కంట్రోల్‌కు, తర్వాతి ఆరింటిని స్టాండర్డ్‌కు పంచితే, సులువుగా దొరికే మందకొడి ఎలుకలన్నీ ఒకేచోట చేరతాయి. బరువుల వారీగా వరుసలు చేసి, ఒక్కో వరుసలోంచి కంప్యూటర్ తీసిన సంఖ్యలతో నాలుగు గుంపులకూ ఒక్కొక్కటి చొప్పున పంచండి. సోమవారం కంట్రోల్, మంగళవారం సారం అని ఎప్పుడూ చేయవద్దు, ఒక్కో రోజూ అన్ని గుంపులూ ఉండాలి. సారం ముదురు ఆకుపచ్చగా ఉంటుంది కాబట్టి మందు తాగించినవారికి గుంపు తెలియక తప్పదు, అందుకే కొలిచేవారు వేరే మనిషై ఉండాలి, ఎలుకలకు సంకేత సంఖ్యలు మాత్రమే కనిపించాలి. ఇంత పట్టింపు ఎందుకంటారా? 2014లో నేచర్ మెథడ్స్‌లో వచ్చిన ఒక పరిశోధన, మగ పరిశోధకుల వాసన తగిలితేనే ఎలుకల్లో ఒత్తిడి పెరిగి నొప్పి స్పందన తగ్గుతున్నట్టు చూపించింది. ఎవరు పట్టుకున్నారన్నదే అంత తేడా చేస్తే, కొలిచేవారి మనసులోని ఆశ ఎంత తేడా చేస్తుందో ఊహించండి.

ఈ జాగ్రత్తలు లోపించి మనుషుల దాకా వెళ్లిన నష్టాలు రికార్డులో ఉన్నాయి. పక్షవాతానికి ఆస్ట్రాజెనెకా తెచ్చిన ఎన్‌ఎక్స్‌వై-059 అనే మందు జంతువుల్లో మెదడు దెబ్బను గణనీయంగా తగ్గించింది. మొదటి పెద్ద ట్రయల్‌లో కొంత మేలు కనిపించింది, 3,300 మందికి పైగా రోగులతో చేసిన రెండో ట్రయల్‌లో ఏ మేలూ కనిపించలేదు. తర్వాత జంతు పరిశోధనలను కలిపి చూస్తే, యాదృచ్ఛికంగా గుంపుల విభజన, కొలిచేవారికి గుంపు తెలియకుండా గోప్యత పాటించని ప్రయోగాల్లోనే ప్రభావం ఎక్కువగా కనిపించినట్టు తేలింది. ఏఎల్‌ఎస్ అనే నాడీ వ్యాధికి వాడే జన్యుమార్పిడి ఎలుకల కథ ఇంకా బాధాకరం. అమెరికాలోని ఏఎల్‌ఎస్ థెరపీ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వారు డెబ్బైకి పైగా మందులను జాగ్రత్తగా మళ్లీ పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఆయుష్షు పెంచుతాయని అంతకుముందు పేరుపొందిన మందులు కూడా వారి చేతిలో ఏ ప్రభావమూ చూపలేదు. ఆడ మగ తేడా, ఒకే ఈతలో పుట్టిన పిల్లలు ఒకే గుంపులో చేరడం, జన్యు నకళ్ల సంఖ్య తగ్గడం, వ్యాధికి సంబంధం లేని చావులు లెక్కలో కలవడం లాంటి చిన్న విషయాలే మునుపటి "ప్రభావాల"కు కారణం కావచ్చని వారు చూపించారు. గుంపుకు కనీసం ఇరవై నాలుగు ఎలుకలు ఉండాలని సూచించారు. ఎలుకల్లో మంచి ఫలితాలిచ్చిన మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను మనుషుల మీద ప్రయోగిస్తే వ్యాధి మరింత వేగంగా ముదిరిందని 2007లో తేలింది. ఆశతో ట్రయల్‌లో చేరిన రోగుల బాధను తలచుకుంటే మన నోట్‌బుక్‌లోని ఒక్కో అంకెకూ ఎంత బరువుందో అర్థమవుతుంది.

ప్రభావం ఉందని తేలాక అది ఎందువల్ల అన్న చర్చకు వస్తాం. క్యారాజీనన్ వాపులో శరీరం విడుదల చేసే రసాయనాల్లో మొదటి గంటన్నరలో హిస్టమిన్, సెరటోనిన్‌లు, ఆ తర్వాత కొంతసేపు బ్రాడీకైనిన్, సుమారు రెండున్నర గంటల తర్వాత ప్రోస్టాగ్లాండిన్లు ప్రధానంగా పనిచేస్తాయని 1971లో వచ్చిన పరిశోధన చెబుతుంది. మూడో గంటలో తగ్గుదల కనబడగానే "ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని అడ్డుకుంటోంది" అని చర్చలో రాసేస్తున్నారు. ఒక్క వాపు కొలతతో అంత చెప్పడానికి లేదు, కణజాలంలో ప్రోస్టాగ్లాండిన్ ఇ2ని కొలవాలి. వాపు తగ్గడానికి వేరే కారణాలూ ఉంటాయి. రక్తపోటు తగ్గించే మందుతో పాదానికి రక్తం తక్కువగా చేరి వాపు తగ్గవచ్చు. సారాన్ని పొట్టలోకి సూదితో ఇస్తే, అక్కడి మంట వల్లే పాదంలో వాపు తగ్గినట్టు కనబడే అవకాశం చాలాకాలంగా తెలిసినదే. మీరు నోటి ద్వారా ఇచ్చారు కాబట్టి ఈ చివరి సందేహం తక్కువ, అది మీ ప్రయోగంలోని బలం, చర్చలో ఒక వాక్యంలో చెప్పుకోండి.

డోసుల గురించి ఒక లెక్క వేసి చూడండి. శరీర ఉపరితల వైశాల్యం ఆధారంగా ఎలుక డోసును 6తో గుణించి 37తో భాగిస్తే మనిషికి సమానమైన డోసు వస్తుంది. డైక్లోఫెనాక్ 10 మి.గ్రా./కిలో అరవై కిలోల మనిషికి సుమారు 97 మి.గ్రా. అవుతుంది, మనం నిజంగా వాడే రోజువారీ మోతాదుకు ఇది దగ్గరగానే ఉంది. మీ సారం 400 మి.గ్రా./కిలో మాత్రం అదే మనిషికి దాదాపు 3.9 గ్రాములు అవుతుంది. వంద గ్రాముల ఎండుటాకుల నుంచి పది గ్రాముల సారం వస్తుందనుకుంటే, ఒక్క డోసుకు దాదాపు 40 గ్రాముల ఎండుటాకులు కావాలి. ఇది సారాన్ని తోసిపుచ్చడానికి కాదు, ముందు ముందు దాన్ని ఏ భాగాలుగా విడదీసి ఎంత గాఢం చేయాలో ఆలోచించుకోవడానికి.

గ్రాఫుల్లో స్టాండర్డ్ ఎర్రర్ బదులు స్టాండర్డ్ డీవియేషన్ చూపండి. ఆరు ఎలుకలకు ఎర్రర్ డీవియేషన్‌లో సగం కంటే తక్కువ ఉంటుంది, మీ 0.18 కాస్తా 0.07గా మారి చూపరులకు చెదురు లేనట్టే అనిపిస్తుంది. ఇంకా మంచిది ఏమిటంటే, ప్రతి ఎలుకనూ ఒక చుక్కగా వేసి, సగటును అడ్డగీతగా చూపడం. ఆరు చుక్కలు వేయడానికి చోటు ఉంటుంది, ఆ వాచిన ఎలుక కూడా దాచుకోకుండా కనబడుతుంది.

ఇప్పుడున్న వివరాలతో ఏం చేయాలో చెబుతాను. పి విలువ దిగేదాకా మరో రెండు, మరో మూడు ఎలుకలు కలుపుతూ పోవడం మాత్రం చేయవద్దు. అలా మధ్యమధ్య చూసుకుంటూ కలిపితే 0.05 అన్న హద్దుకు అర్థమే పోతుంది. ఇప్పటి ఇరవై నాలుగు ఎలుకల కొలతల నుంచి ఒక్కో ఎలుకకు రేఖ కింది వైశాల్యం లెక్కించి, అనోవా, ఆపై డన్నెట్ చేయండి. ఈ విశ్లేషణను ప్రయోగం ముగిశాక ఎంచుకున్నామని నిజాయితీగా రాయండి. ఫలితాల్లో ఇలాంటి వాక్యం ఉండాలి: "మూడో గంటకు 400 మి.గ్రా./కిలో సారం వాపును కంట్రోల్ కంటే 0.32 మి.లీ. తగ్గించింది (95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.09 నుంచి 0.55), 200, 400 డోసుల మధ్య తేడాను నిర్ధారించడానికి ఈ ప్రయోగంలోని జంతువుల సంఖ్య చాలదు." మీ గైడ్ రెండో ప్రయోగానికి ఒప్పుకుంటే, ఈసారి వచ్చిన 0.18 డీవియేషన్‌తో సంఖ్యను ముందే లెక్కగట్టి, 30 శాతం తగ్గుదలను లక్ష్యంగా పెట్టుకుని, మూడు డోసులతో దరఖాస్తు చేయండి. పద్ధతుల అధ్యాయం రాసేటప్పుడు జంతు ప్రయోగాలను ఎలా నివేదించాలో చెప్పే, 2020లో సవరించిన అరైవ్ మార్గదర్శకాల్లోని పది ముఖ్యాంశాలను పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూసుకోండి. వాటిలో మీరు పాటించలేకపోయినవి ఉంటే, ఏవి, ఎందుకు కుదరలేదో అక్కడే రాసేయండి. వైవాలో పరీక్షకులు అడిగే ప్రశ్నలు చాలావరకు అక్కడి నుంచే వస్తాయి.